పరిహారం సొమ్ము వస్తే సరిపోదు, లెక్క అడిగేవాళ్లు కావాలి: అమెరికా నొప్పి మాత్రల కథ, మన తెనాలి, బాపట్ల, రేపల్లె సంగతి

 

ఈసారి టాపిక్ చెప్పగానే కొంతమంది "అది అమెరికా గొడవ కదా, మనకెందుకు?" అనుకోవచ్చు. ఒక్క పది నిమిషాలు ఓపిక పట్టండి. కథ అమెరికాలో మొదలవుతుంది గానీ, చివరికి తెనాలి బస్టాండు దగ్గరికీ, రేపల్లె రైలు దగ్గరికీ, బాపట్ల కలెక్టరేట్ దగ్గరికీ వస్తుంది. చివరికి మీ ఫోన్ దగ్గరికి కూడా వస్తుంది. ఎందుకంటే ఈ వీడియో అయ్యాక మీరు చెయ్యగలిగిన పని ఒకటుంది.

విషయం ఏంటంటే, ఒక మత్తు వల్ల జనం నాశనమయ్యారు. ఆ మత్తు అమ్మి సంపాదించిన కంపెనీల దగ్గర నుంచి ప్రభుత్వాలు వేల కోట్ల డాలర్లు వసూలు చేశాయి. ఆ డబ్బు ఊళ్లకి వచ్చింది. మన భాషలో చెప్పాలంటే జిల్లా పరిషత్తులకి, మున్సిపాలిటీలకి వచ్చినట్టు. వచ్చిన డబ్బుని వాళ్లు ఏం చేశారు? కొందరు ప్రాణాలు కాపాడారు. కొందరు అప్పులు తీర్చుకున్నారు. ఈ తేడా ఎక్కడ వచ్చిందో చూస్తే మనకి చాలా పనికొస్తుంది.

ముందు ఓపియాయిడ్ అంటే ఏంటో చూద్దాం. మన తాతల కాలంలో నల్లమందు అనేవాళ్లు, గుర్తుందా? గసగసాల కాయ నుంచి కారే పాలు. దాన్నుంచి మార్ఫిన్ వచ్చింది, కోడీన్ వచ్చింది, హెరాయిన్ వచ్చింది. ఆ తర్వాత అదే పని చేసే మందులు ల్యాబుల్లో తయారయ్యాయి. ట్రమడాల్, టాపెంటడాల్, ఆక్సికోడోన్, ఫెంటనిల్. వీటన్నిటినీ కలిపి ఓపియాయిడ్లు అంటారు. ఇవి చెడ్డ మందులు కావు. క్యాన్సర్ నొప్పితో అల్లాడే మనిషికి మార్ఫిన్ ఇస్తేనే రాత్రి నిద్ర. ఆపరేషన్ అయినవాళ్లకీ ఇవి కావాలి. కానీ శరీరం వీటికి త్వరగా అలవాటు పడిపోతుంది. నిన్న ఒక మాత్ర చేసిన పనికి రేపు రెండు కావాలి. డోసు మరీ ఎక్కువైతే ఊపిరి మెల్లమెల్లగా ఆగిపోతుంది. మనిషి నిద్రపోతున్నాడనే పక్కవాళ్లు అనుకుంటారు.

ఇక అమెరికా కథ. 1996లో పర్డ్యూ ఫార్మా అనే కంపెనీ ఆక్సికాంటిన్ అనే నొప్పి మాత్రని మార్కెట్లోకి తెచ్చింది. "దీనికి అలవాటు పడే ప్రమాదం తక్కువ" అని డాక్టర్లకి చెప్పుకుంటూ అమ్మింది. నడుం నొప్పికీ రాసేశారు, మోకాళ్ల నొప్పికీ రాసేశారు. మందుని తప్పుదోవ పట్టించే విధంగా ప్రచారం చేశామని 2007లో ఆ కంపెనీయే కోర్టులో నేరం ఒప్పుకుంది. కంపెనీ, దాని పెద్దలు కలిపి 60 కోట్ల డాలర్లకి పైగా కట్టారు. కానీ అప్పటికే లక్షల మంది అలవాటు పడిపోయారు. డాక్టరు చీటీ ఆగిపోయాక చాలామంది హెరాయిన్‌కి వెళ్లారు, తర్వాత ఫెంటనిల్ వచ్చింది. 2022 ఒక్క సంవత్సరంలోనే అక్కడ డ్రగ్ ఓవర్‌డోస్‌తో చనిపోయినవాళ్లు లక్షా ఏడు వేల మందికి పైనే. అందులో ఎక్కువ భాగం ఓపియాయిడ్ల వల్లే.

అప్పుడు రాష్ట్రాలు, కౌంటీలు, నగరాలు వేల సంఖ్యలో కేసులు వేశాయి. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది అనుకోండి. వాళ్ల వాదన చాలా సింపుల్. "మాత్రల లాభం మీకు పోయింది. అంబులెన్సుల ఖర్చు, ఆసుపత్రి ఖర్చు, జైలు ఖర్చు, తల్లీతండ్రీ పోయిన పిల్లల్ని పెంచే ఖర్చు మాత్రం మా మీద పడింది. ఆ ఖర్చు మీరే కట్టండి."

2021 జూలైలో పెద్ద ఒప్పందం బయటికొచ్చింది. జాన్సన్ అండ్ జాన్సన్ 500 కోట్ల డాలర్ల దాకా, మందులు సరఫరా చేసే మూడు పెద్ద కంపెనీలు మెక్‌కెసన్, కార్డినల్ హెల్త్, అమెరిసోర్స్‌బెర్గెన్ కలిసి 2,100 కోట్ల డాలర్ల దాకా కట్టాలి. మొత్తం 2,600 కోట్ల డాలర్లు. ఇది ఒక్కసారిగా రాదు, వాయిదాల్లో వస్తుంది, ఆ మూడు సరఫరా కంపెనీల వాయిదాలు 18 ఏళ్లు. తర్వాత మందుల షాపుల గొలుసు కంపెనీలు, ఇంకా కొంతమంది తయారీదారులు చేరారు. అన్నీ కలిపితే 5,000 కోట్ల డాలర్లు దాటింది. పర్డ్యూ, దాని యజమానులైన శాక్లర్ కుటుంబం సంగతి వేరుగా నడిచింది. 2024 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు పాత ఒప్పందాన్ని కొట్టేసింది, 2025లో 740 కోట్ల డాలర్ల కొత్త ఒప్పందం వచ్చింది.

ఇక్కడ మనవాళ్లకి ఒక చిన్న షాక్. 2025 జూలైలో మరో ఎనిమిది జెనెరిక్ మందుల కంపెనీలు కలిపి సుమారు 72 కోట్ల డాలర్లకి ఒప్పందం చేసుకున్నాయి. ఆ ఎనిమిదిలో మన దేశం కంపెనీలు కూడా ఉన్నాయి: సన్ ఫార్మా, జైడస్. సన్ వాటా సుమారు 3 కోట్ల డాలర్లు, జైడస్‌ది కోటిన్నర దాకా. సెటిల్‌మెంట్ అంటే నేరం రుజువైందని కాదు, ఆ మాట గుర్తుపెట్టుకోండి. నేను చెప్పేది వేరు. ఈ కథలో ఇండియా ఎక్కడో ప్రేక్షకుల గ్యాలరీలో కూర్చుని లేదు. మన ఊళ్ల పిల్లలు ఎంతోమంది బీఫార్మసీ చదివి ఇలాంటి కంపెనీల్లోనే ఉద్యోగాలకి వెళ్తున్నారు.

సరే, డబ్బు వచ్చింది. దాన్ని ఎలా ఖర్చు పెట్టాలి?

దీనికి వాళ్లకి ఒక చేదు పాఠం ముందే ఉంది. 1998లో సిగరెట్ కంపెనీలు 46 రాష్ట్రాలతో ఒప్పందం చేసుకున్నాయి. 25 ఏళ్లలో 20,600 కోట్ల డాలర్లు ఇస్తామన్నాయి. అయితే ఆ డబ్బు పొగతాగడం మాన్పించడానికే వాడాలి అని ఒప్పందంలో గట్టిగా రాయలేదు. ఏమైంది? రోడ్లకి పోయింది, బడ్జెట్ లోటు పూడ్చడానికి పోయింది. సిగరెట్ మాన్పించే కార్యక్రమాలకి దక్కింది చాలా చిన్న భాగం. జ్వరం వచ్చిందని డబ్బులిస్తే ఇంటికి సున్నం వేయించుకున్నట్టు అయింది.

అందుకే ఈసారి ఓపియాయిడ్ పెద్ద ఒప్పందంలో షరతు పెట్టారు. కనీసం 85 శాతం ఈ సమస్య తగ్గించడానికే వాడాలి. ఏమేం చెయ్యొచ్చో ఒక జాబితా కూడా జత చేశారు. నాలోక్సోన్ పంచడం: అది ముక్కులో కొట్టే స్ప్రే, ఓవర్‌డోస్ అయిన మనిషికి ఊపిరి మళ్లీ తెప్పిస్తుంది. బ్యూప్రెనార్ఫిన్, మెథడోన్ లాంటి మందులతో చికిత్స. అలవాటున్న గర్భిణులకి, పుట్టిన బిడ్డలకి వైద్యం. జైల్లో ఉన్నవాళ్లకి చికిత్స, బయటికొచ్చాక ఇల్లు, పని. స్కూళ్లలో నివారణ.

ఇప్పుడు రెండు ఊళ్ల పద్ధతులు పక్కపక్కన పెట్టి చూద్దాం.

మొదటిది నార్త్ కరోలినా. మన గుంటూరు, ప్రకాశం జిల్లాల వాళ్ల పిల్లలు అక్కడా ఉన్నారు, ఛార్లెట్ అంటే చాలామందికి తెలుసు. ఆ రాష్ట్రం తనకొచ్చిన డబ్బులో 85 శాతం నేరుగా స్థానిక ప్రభుత్వాలకే ఇవ్వాలని ఒప్పందం రాసుకుంది. అయితే ఊరికే ఇవ్వలేదు. ఆ డబ్బు వేరే ఖాతాలో ఉండాలి, సాధారణ నిధుల్లో కలపకూడదు. ఖర్చు పెట్టే ముందు పాలకమండలి తీర్మానం చెయ్యాలి. ఆ తీర్మానంలో ఏ పనికి, ఎంత, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా అని రాయాలి. ఏటా లెక్క చెప్పాలి. ఆ లెక్క జనం చూసేలా ఆన్‌లైన్‌లో పెట్టాలి.

రెండోది టెనెసీ రాష్ట్రంలో గ్రీన్ కౌంటీ. అక్కడికి మొదట్లో 27 లక్షల డాలర్లకి పైగా వచ్చాయి. అందులో 24 లక్షలు కౌంటీ అప్పు తీర్చడానికి మళ్లించారని కేఎఫ్ఎఫ్ హెల్త్ న్యూస్ అనే వార్తాసంస్థ 2023లో బయటపెట్టింది. ఇంకా కొన్నిచోట్ల పోలీసు కార్లకి, పరికరాలకి పెట్టారు. కొడుకుని పోగొట్టుకున్న అమ్మకి ఎలా ఉంటుందో ఆలోచించండి. ఆ డబ్బు ఒక రకంగా ఆమె కొడుకు పేరు మీద వచ్చిన డబ్బు.

గమనించారా? రెండు చోట్లా మనుషులు ఒకలాంటి వాళ్లే. తేడా అంతా ముందే రాసుకున్న నియమాల్లో ఉంది. వేరే ఖాతా, ముందే తీర్మానం, తర్వాత బహిరంగ లెక్క. ఈ మూడూ గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో వీటితో పని ఉంది.

ఇక మన దగ్గరికి వద్దాం.

ఇండియాలో ఇలాంటి సెటిల్‌మెంట్ లేదు. ఏ కంపెనీ మన మున్సిపాలిటీకి చెక్కు పంపలేదు. అలాగని సమస్య లేదా? 2019లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ చేసిన పెద్ద సర్వే బయటికొచ్చింది. దేశంలో 2 కోట్లకి పైగా మంది ఏదో ఒక రూపంలో ఓపియాయిడ్లు వాడుతున్నారని, అందులో సుమారు 77 లక్షల మందికి సాయం అవసరమని తేల్చింది. వీళ్లలో సగానికి పైగా కొన్ని రాష్ట్రాల్లోనే ఉన్నారంటూ ఒక జాబితా ఇచ్చింది. ఉత్తరప్రదేశ్, పంజాబ్ లాంటి పేర్ల పక్కన ఆంధ్రప్రదేశ్ పేరు కూడా ఉంది. మద్యం సంగతైతే ఇంకా పెద్దది, దేశంలో 16 కోట్ల మంది తాగుతున్నారని అదే సర్వే చెప్పింది.

చట్టం ఏమీ చెయ్యలేదా అంటే, చేసింది. 2018లో ట్రమడాల్‌ని ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి తెచ్చారు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, షాపులో రిజిస్టర్ రాయాలి. 2024 నవంబరులో మన రాష్ట్రంలో ఈగల్ అనే ప్రత్యేక పోలీసు విభాగం పెట్టారు, 1972 నంబరుతో. 2025 మార్చిలో 'ఆపరేషన్ గరుడ' పేరుతో రాష్ట్రమంతా ఒకే రోజు మందుల షాపుల మీద తనిఖీలు చేశారు. అంటే పట్టుకునే వైపు కదలిక ఉంది.

కానీ పట్టుకున్నాక ఏంటి?

2025 మే నెలలో తెనాలిలో కొంతమంది యువకుల్ని పోలీసులు నడిరోడ్డు మీద కూర్చోబెట్టి అరికాళ్ల మీద కొడుతున్న వీడియో బయటికొచ్చింది. మీలో చాలామంది ఫోన్‌లోనే చూసుంటారు. ఒకపక్క "గంజాయి బ్యాచ్, అలాగే కొట్టాలి" అన్నారు. ఇంకోపక్క "అది చట్టమా?" అన్నారు. ఎవరు తప్పు అన్నది తేల్చడానికి కోర్టులున్నాయి, నేను ఇక్కడ తీర్పు చెప్పను. కానీ ఆ వారమంతా జరిగిన వాదనలో ఒక్క ప్రశ్న నాకెక్కడా పెద్దగా వినపడలేదు. మత్తుకి అలవాటు పడ్డ ఒక కుర్రాడు మానేద్దామనుకుంటే, ఈ చుట్టుపక్కల ఏ తలుపు తట్టాలి?

రేపల్లెలో ఉన్నాడనుకోండి. నిజాంపట్నం నుంచి చేపల పడవ మీద వెళ్లే కుర్రాడు అనుకుందాం. పొద్దున రైలెక్కి తెనాలి రావాలి. అక్కడి నుంచి గుంటూరు జీజీహెచ్‌లో మానసిక వైద్య విభాగానికి వెళ్లాలి. ఓపీ చీటీ, క్యూ, డాక్టరు, మందులు. సాయంత్రానికి ఇల్లు. ఒక రోజు కూలి పోయింది. ఈ చికిత్స ఒక రోజుతో అయ్యేది కాదు, నెలల తరబడి తిరగాలి. రెండోసారి వెళ్తాడా? మత్తు దొరికే చోటు నడిచెళ్లే దూరంలో ఉండి, మందు దొరికే చోటు రెండు ప్రయాణాల దూరంలో ఉంటే ఎవరు గెలుస్తారో చెప్పడానికి పెద్ద చదువులు అక్కర్లేదు.

"మరి డబ్బుల్లేవు కదా?" అంటారు. ఉన్నాయి. ఇదే అసలు పాయింట్.

2024 అక్టోబరులో మన రాష్ట్రంలో కొత్త మద్యం విధానం వచ్చింది. 3,396 షాపులకి లాటరీ. ఒక్కో దరఖాస్తుకి తిరిగివ్వని ఫీజు 2 లక్షలు. మొత్తం 89,882 దరఖాస్తులు. గుణించండి: 1,797 కోట్ల 64 లక్షల రూపాయలు. ఇంకా ఒక్క సీసా అమ్మకముందే వచ్చిన డబ్బు ఇది. ఆ విధానంలోనే ఇంకో అంశం ఉంది, దాని గురించి ఎక్కువ మందికి తెలియదు. మద్యం మీద 2 శాతం సెస్సు వేశారు. పేరు డ్రగ్ రిహాబిలిటేషన్ సెస్. అంటే మత్తు బాధితుల్ని మామూలు జీవితంలోకి తేవడానికి వసూలు చేసే పన్ను. దీని మీద ఏటా 100 కోట్ల రూపాయల దాకా వస్తుందని అప్పట్లో అంచనా.

చూశారా, అమెరికాలో కోర్టు ద్వారా వచ్చింది, మన దగ్గర సీసా ద్వారా వస్తోంది. రెండిటి లాజిక్ ఒకటే: మత్తు అమ్మకంలోంచి కొంత తీసి, మత్తు వల్ల పడ్డ దెబ్బకి కట్టు కట్టడం. తేడా ఏంటంటే, అక్కడ ఆ డబ్బు గురించి ప్రతి కౌంటీలో గొడవ జరుగుతోంది. ఇక్కడ అలాంటి సెస్సు ఒకటుందన్న సంగతే చర్చలో లేదు.

ఒక లెక్క వేద్దాం. ఇది ప్రభుత్వం లెక్క కాదు, ఊహ కోసం నేను వేసింది. ఆ 100 కోట్లని సెస్సు వేసిన నాటికి ఉన్న 26 జిల్లాలకి సమానంగా పంచితే, జిల్లాకి సుమారు 3 కోట్ల 85 లక్షలు. అప్పటి బాపట్ల జిల్లా జనాభా 2011 లెక్కల ప్రకారం 15 లక్షల 87 వేలు. అంటే మనిషికి ఏడాదికి 24 రూపాయలు. రెండు టీల డబ్బు. పెద్ద మొత్తమేం కాదు. అందుకే ఒక్క రూపాయి కూడా వృథా పోకూడదు.

వృథా ఎలా పోతుందో మనకి తెలుసు. జూన్ 26 అంతర్జాతీయ మాదకద్రవ్యాల వ్యతిరేక దినం. పొద్దున్నే కాలేజీ పిల్లల్ని ఎండలో నిలబెట్టి మానవహారం. పెద్ద ఫ్లెక్సీ, దాని మీద నాయకుల ఫోటోలు. ప్రతిజ్ఞ, ఫోటో, వాట్సాప్ గ్రూపులో పోస్టు, అయిపోయింది. జూన్ 27న ఆ కుర్రాడు ఎక్కడికెళ్లాలి అంటే జవాబు లేదు. ర్యాలీ చెయ్యొద్దని నేను అనడం లేదు. చికిత్స డబ్బుతో ర్యాలీ చెయ్యొద్దు అంటున్నా.

మరి ఏం చెయ్యాలి? నన్నడిగితే, బాపట్ల, రేపల్లె, తెనాలి మూడిటికీ కలిపి ప్లాన్ ఇలా ఉండాలి. తెనాలి గుంటూరు జిల్లాలో ఉంది, మిగతా రెండూ బాపట్ల జిల్లాలో ఉన్నాయి, నిజమే. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి గానీ రైలు పట్టాలు విడిపోలేదు. రేపల్లె మనిషి పనికైనా, ఆసుపత్రికైనా ముందు తెనాలే వస్తాడు. ప్లాన్ జిల్లా మ్యాప్ చూసి కాకుండా మనుషులు తిరిగే దారి చూసి వెయ్యాలి.

మొదట కావాల్సింది డాక్టరు. మూడు ఊళ్ల ప్రభుత్వాసుపత్రుల్లో వారానికి కనీసం ఒక రోజు మానసిక వైద్యుడు వచ్చే ఓపీ. ఒకే డాక్టరు మూడు ఊళ్లూ తిరిగినా సరే, సోమవారం తెనాలి, బుధవారం రేపల్లె, శుక్రవారం బాపట్ల అని రోజు మారకుండా ఉండాలి. దాంతోపాటు మందులు స్టాకులో ఉండాలి. బ్యూప్రెనార్ఫిన్ లాంటి మందుతో చికిత్సలో ఉన్న ఓపియాయిడ్ బాధితుల్లో చావులు సగానికి దగ్గరగా తగ్గుతాయని ఎన్నో దేశాల అనుభవం చెబుతోంది. మందు మానేసినవాడు మళ్లీ మొదలుపెట్టడం మామూలే. దాన్ని తిరగబెట్టిన జబ్బు లాగే చూడాలి, బీపీ మళ్లీ పెరిగితే ఎవర్నీ తిట్టం కదా.

తర్వాత, ఇంటి దాకా వెళ్లే మనిషి కావాలి. ఆశా కార్యకర్త ఎలాగూ వీధి వీధికీ తెలుసు. ఆమెకి శిక్షణ, దానికి తగ్గ డబ్బు ఇవ్వండి. ఊరికే "ఈ పని కూడా నువ్వే చూసుకో అమ్మా" అంటే కుదరదు. ఆ తర్వాత ఇంట్లో ఆడవాళ్ల గురించి. తాగుబోతు భర్త కోసం ఎన్ని పథకాలు పెట్టినా, అతని చేతిలో దెబ్బలు తింటున్న మనిషికి వేరే కౌన్సెలింగ్, వేరే గది, వేరే సాయం కావాలి.

ఇదంతా మున్సిపాలిటీ, పంచాయతీల పనేనా, ఆరోగ్యశాఖ పని కదా అని అడుగుతారు. మంచి ప్రశ్న. డాక్టర్ని వేసేది ఆరోగ్యశాఖే. కానీ స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యానికి డబ్బు ఇవ్వడం మన దేశంలో కొత్తేం కాదు. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా ఐదేళ్లకి 70,051 కోట్ల రూపాయలు స్థానిక సంస్థల ద్వారానే ఆరోగ్యానికి కేటాయించమంది. ఉపకేంద్రాలు, పట్టణ ఆరోగ్య కేంద్రాలు దాన్నుంచే. దారి వేసి ఉంది. ఆ దారిలో ఈ సెస్సు డబ్బు కూడా నడవొచ్చు. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టి ఉపాధి పనులు తీర్మానం చేశారు. రోడ్డుకి తీర్మానం చెయ్యగలిగిన సభ, డీ-అడిక్షన్ ఓపీ కావాలని తీర్మానం చెయ్యలేదా?

ఇంకొకటి, చాలా ముఖ్యం. అమ్మకం మీదే ఆధారపడ్డ డబ్బుతో ఒక చిక్కుంది. మద్యం ఎక్కువ అమ్ముడుపోతే సెస్సు ఎక్కువ. అంటే బాగుచేసే డబ్బు పెరగాలంటే చెడిపోయేవాళ్లు పెరగాలి! ప్రభుత్వాలు ఈ ఆదాయానికి ఎంత అలవాటు పడతాయో మన రాష్ట్రానికి బాగా తెలుసు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ లాంటి ఆడవాళ్లు, చదువుల క్లాసుకొచ్చిన ఆడవాళ్లు, సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో పూర్తి మద్యనిషేధం. 1997కల్లా ఎత్తేశారు, ఖజానా తట్టుకోలేకపోయింది. కాబట్టి అమ్మకాలు పెంచుకుంటూ పోయి, అందులో 2 శాతంతో పాపం కడుక్కున్నాం అంటే ఒప్పుకోకూడదు. సెస్సు చికిత్సకి. అమ్మకం తగ్గించడం వేరే బాధ్యత. ఒకటి చేశామని రెండోది మానెయ్యకూడదు.

ఇప్పుడు మీ ఫోన్ దగ్గరికొద్దాం.

అడగడం మన నేలకి కొత్త కాదు. ఈ రోజు బాపట్ల జిల్లాలోనే ఉన్న చీరాలని 1919లో పేరాలతో కలిపి మున్సిపాలిటీ చేసి పన్నులు పెంచినప్పుడు, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెనక జనం ఊరే ఖాళీ చేసి బయట గుడిసెలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. మనం ఊరు ఖాళీ చెయ్యక్కర్లేదు. ఒక కాగితం రాస్తే చాలు.

సమాచార హక్కు చట్టం. మన రాష్ట్రంలో పంచాయతీ స్థాయిలో దరఖాస్తుకి ఫీజు లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఎక్సైజ్ శాఖకి ఒకటి రాయండి: డ్రగ్ రిహాబిలిటేషన్ సెస్ కింద మొదలైన నాటి నుంచి ఏటా ఎంత వసూలైంది, ఏ ఖాతాలో ఉంది, ఏ శాఖకి ఎంత ఇచ్చారు? జిల్లా ఆరోగ్యశాఖకి ఇంకోటి: మా జిల్లాకి అందులో ఎంత వచ్చింది, ఏ ఆసుపత్రిలో దేనికి ఖర్చు పెట్టారు, అక్కడ మానసిక వైద్యుడి పోస్టు ఉందా, భర్తీ అయ్యిందా? మున్సిపాలిటీకి మూడోది: దీని మీద ఏదైనా తీర్మానం చేశారా? నార్త్ కరోలినా నుంచి మనం నేర్చుకున్న మూడు మాటలు ఇవే కదా: వేరే ఖాతా, ముందే తీర్మానం, తర్వాత బహిరంగ లెక్క. జవాబు వచ్చాక ఫోటో తీసి మీ ఊరి గ్రూపులో పెట్టండి. జవాబు రాకపోతే, రాలేదన్న సంగతి కూడా పెట్టండి, ఆ తర్వాత అప్పీలుకి వెళ్లండి.

చివరగా, ఇది వింటున్నవాళ్లలో ఎవరికో ఈ సమస్య ఉండొచ్చు. మీకో, మీ రూమ్మేట్‌కో, మీ తమ్ముడికో. వాళ్లకి చెప్తున్నా. 14446, ఇది మత్తు మానాలనుకునేవాళ్లకి జాతీయ హెల్ప్‌లైన్, డబ్బు పడదు. మనసు బాగోలేదంటే 14416, టెలీ మానస్, తెలుగులో మాట్లాడతారు. "వెళ్తే కేసు పెడతారేమో" అని భయం ఉంటుంది. ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఏ అనే సెక్షన్ ఉంది. మత్తు వాడినందుకో, చిన్న మోతాదు దగ్గర ఉన్నందుకో కేసులో ఉన్న వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వం గుర్తించిన చోట చికిత్సకి వెళ్లి, దాన్ని పూర్తి చేస్తే, ఆ నేరానికి ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది ఆ సెక్షన్. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు, కాబట్టి లాయరుతో ఒకసారి మాట్లాడండి. ప్రైవేటు డీ-అడిక్షన్ సెంటర్‌లో చేర్చేముందు ఒక్కమాట: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. గొలుసులు కట్టి, కొట్టి మాన్పిస్తామనే చోటు ఆసుపత్రి కాదు. అలాగే రోజూ ఓపియాయిడ్ మాత్రలో, మందో వాడేవాళ్లు ఒక్కసారిగా సొంతంగా ఆపెయ్యకండి. ముఖ్యంగా మద్యం విషయంలో అలా ఆపితే ఫిట్స్ రావొచ్చు, ప్రాణం మీదికి రావొచ్చు. డాక్టరు చెప్పినట్టు తగ్గించుకోవాలి.

అమెరికా దగ్గర వేల కోట్ల డాలర్లున్నాయి, మన దగ్గర మనిషికి 24 రూపాయలున్నాయి. ఆ 24 రూపాయలు మన ఊరి ఆసుపత్రి దాకా వచ్చాయా లేదా అన్నది మాత్రం అమెరికా వాళ్లు వచ్చి అడగరు. తెనాలి వాళ్లు, బాపట్ల వాళ్లు, రేపల్లె వాళ్లు అడగాలి. మీరు పంపిన దరఖాస్తుకి వచ్చిన జవాబు ఉంటే కామెంట్లలో పెట్టండి, పేర్లు, ఫోన్ నంబర్లు కనపడకుండా చూసుకోండి. వచ్చిన జవాబులన్నీ కలిపి ఇంకో ఎపిసోడ్ చేద్దాం.

జాగ్రత్తగా ఉండండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.